60 హెచ్‌ఆర్‌సీ డీ2 స్టీల్‌లో కట్టర్ ఎందుకు నిలవడం లేదు? స్పీడ్, ఫీడ్, డెప్త్ ఎలా సరిచేసుకోవాలి?

మీరు రాసినదాని సారాంశం ఇదీ. హార్డెనింగ్ అయిన డీ2 టూల్ స్టీల్ డై, గట్టిదనం 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ స్కేల్). చదునైన నేల, చుట్టూ వంపు తిరిగిన గోడలు ఉన్న కేవిటీ (గుంట), లోతు 18 మి.మీ. 6 మి.మీ. బాల్ నోస్ (గుండ్రటి కొన ఉన్న) కార్బైడ్ కట్టర్, రెండు ఫ్లూట్లు (కోసే పళ్లు), ఏఎల్‌టీఐఎన్ (అల్యూమినియం టైటానియం నైట్రైడ్) కోటింగ్. కేటలాగ్‌లో కటింగ్ స్పీడ్ నిమిషానికి 80 మీటర్లని ఉంది కాబట్టి 4,200 ఆర్పీఎం పెట్టారు. ఒక్కో పంటికి 0.03 ఫీడ్, డెప్త్ 0.1, స్టెప్ ఓవర్ (పక్కపక్క పాసుల మధ్య దూరం) 0.15, అన్నీ మి.మీ.లో. కూలెంట్ ధారగా వదిలారు. కట్టర్ హోల్డర్ నుంచి 40 మి.మీ. బయటికి ఉంది. ఒక్క కేవిటీ కూడా పూర్తికాకుండానే కట్టర్ కొన పెచ్చులూడిపోతోంది. స్పీడ్ ఎక్కువైందేమోనని 3,000కి తగ్గిస్తే ఇంకా తొందరగా పోయింది. ఎందుకిలా అన్నది మీ ప్రశ్న. పంచ్ టర్నింగ్ గురించి, ఎం6 హోల్స్ గురించి కూడా అడిగారు, వాటికి చివర్లో వస్తాను.

స్పీడ్ తగ్గిస్తే కట్టర్ ఎక్కువసేపు వస్తుందన్నది చాలా సందర్భాల్లో నిజమే. మీ విషయంలో కాలేదు, ఎందుకంటే నేల మీద మీ కట్టర్ 80 మీటర్ల స్పీడ్‌తో ఎప్పుడూ కోయలేదు. 20 మీటర్లతో కోసింది. మీరు దాన్ని 15 చేశారు.

లెక్క చూడండి. బాల్ నోస్ కట్టర్ వ్యాసం 6 మి.మీ. అని పెట్టె మీద రాసి ఉంటుంది. కానీ చదునైన నేల మీద 0.1 మి.మీ. లోతులో కోస్తున్నప్పుడు ఆ గుండ్రటి కొనలో చిన్న భాగం మాత్రమే మెటల్‌ని తాకుతుంది. నిజంగా కోసే వ్యాసం కావాలంటే, కట్టర్ వ్యాసంలోంచి డెప్త్ తీసేసి, వచ్చినదాన్ని మళ్లీ డెప్త్‌తో గుణించి, వర్గమూలం తీసి రెట్టింపు చేయాలి. 5.9ని 0.1తో గుణిస్తే 0.59. దాని వర్గమూలం 0.768. రెట్టింపు చేస్తే 1.54 మి.మీ. మీ 4,200 ఆర్పీఎంలో ఆ వ్యాసం దగ్గర స్పీడ్ నిమిషానికి 20 మీటర్లు. అది కూడా కోత అంచు పైభాగంలో వచ్చే స్పీడ్. అక్కడి నుంచి కొన మధ్యకు పోయేకొద్దీ తగ్గుతూ, సరిగ్గా మధ్యలో సున్నా అవుతుంది. అక్కడ కట్టర్ కోయడం లేదు, 60 హెచ్‌ఆర్‌సీ స్టీల్ మీద బరువుగా రుద్దుకుంటోంది. పెచ్చులు ఊడేది కూడా కొన దగ్గరే అని మీరే రాశారు.

అయితే ఆర్పీఎం పెంచేస్తే సరిపోతుందా? 1.54 మి.మీ. వ్యాసానికి 80 మీటర్లు రావాలంటే సుమారు 16,500 ఆర్పీఎం కావాలి. హై స్పీడ్ స్పిండిల్ ఉంటే పెట్టొచ్చు. కానీ అదే ప్రోగ్రాం గోడ మీదికి ఎక్కినప్పుడు ఏమవుతుందో చూడండి. నిలువు గోడ దగ్గర కట్టర్ పక్క భాగం కోస్తుంది, అక్కడ పూర్తి 6 మి.మీ. పనిచేస్తుంది. 16,500 ఆర్పీఎంలో అది నిమిషానికి 310 మీటర్లు దాటుతుంది. ఈ గట్టిదనంలో డీ2ని అంత స్పీడ్‌తో కోస్తే కోటింగ్ నిమిషాల్లో పోతుంది. అంటే నేలకు సరిపోయే ఆర్పీఎం గోడని కాల్చేస్తుంది, గోడకి సరిపోయేది నేల మీద రుద్దుతుంది. ఒకే టూల్, ఒకే ఆర్పీఎంతో కేవిటీ మొత్తం పూర్తిచేయాలనుకోవడం దగ్గరే మీ ఇబ్బంది మొదలైంది.

కాబట్టి పనిని విడగొట్టండి. చదునైన నేలని బాల్ నోస్‌తో ముట్టుకోకండి. దానికి కార్నర్ రేడియస్ ఉన్న ఎండ్ మిల్ వాడండి, 6 మి.మీ. వ్యాసం, 0.5 రేడియస్, నాలుగు ఫ్లూట్లు. 0.1 డెప్త్ దగ్గర దాని నిజమైన వ్యాసం 5.6 మి.మీ. వస్తుంది. 80 మీటర్లకి 4,500 ఆర్పీఎం చాలు. చూశారా, మీరు పెట్టిన 4,200 తప్పు అంకె కాదు, ఆ కట్టర్‌కి చెందినది కాదు అంతే. నేల పూర్తయ్యాక బాల్ నోస్ తీసుకుని వంపులు, గోడలు మాత్రమే చేయండి. క్యామ్ (టూల్ పాత్ తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో వాలు కోణాన్ని బట్టి ప్రాంతాలు విడగొట్టే సదుపాయం ఉంటుంది. 30 డిగ్రీల కంటే తక్కువ వాలు ఒక ప్రాంతం, అంతకంటే నిటారుగా ఉన్నది మరొకటి, రెండింటికీ వేరే ఆర్పీఎం. ఐదు యాక్సిస్‌ల మెషిన్ అయితే ఇంకా తేలిక. టూల్‌ని 15 డిగ్రీలు వంచితే నిజమైన వ్యాసం 1.54 నుంచి 3 మి.మీ.కి పెరుగుతుంది, పైగా సున్నా స్పీడ్ ఉన్న కొన మెటల్‌కి తగలదు. అప్పుడు 80 మీటర్లకి 8,500 ఆర్పీఎం సరిపోతుంది.

ఇక ఫీడ్. మీరు భయపడి 0.03 పెట్టారు. గట్టి స్టీల్ కాబట్టి మెల్లగా, కొంచెం కొంచెంగా కోద్దామని అందరికీ అనిపిస్తుంది. కానీ పంటికి 0.03 అంటే చిప్ మందం 0.03 అని కాదు. బాల్ నోస్‌లో 0.1 డెప్త్ దగ్గర అంచు బాగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి చిప్ పలచబడుతుంది. 0.03 ఫీడ్‌కి గరిష్ఠ మందం 0.008 మి.మీ. కూడా రాదు. 0.15 స్టెప్ ఓవర్ వల్ల ఇంకా పలచబడుతుంది. గట్టి స్టీల్‌కి చేసిన కట్టర్ అంచు బ్లేడులా పదునుగా ఉండదు. పెచ్చులూడకుండా దాన్ని కావాలనే కొన్ని మైక్రాన్ల మేర గుండ్రంగా చేస్తారు. చిప్ మందం ఆ గుండ్రంలో మూడో వంతు లోపు అయితే మెటల్ తెగదు, అంచు కిందకి నలిగి వెళ్లిపోతుంది. తర్వాతి పన్ను దాన్నే మళ్లీ నలుపుతుంది. వేడి, అరుగుదల రెండూ పెరుగుతాయి, మెటల్ మాత్రం పోదు. కాబట్టి ఫీడ్‌ని 0.05, 0.06 వరకు పెంచండి. భయం వద్దు, నిజమైన చిప్ మందం అప్పటికీ 0.015 దగ్గరే ఉంటుంది.

పక్క కోతలో కూడా ఇదే కథ. 10 మి.మీ. ఎండ్ మిల్‌తో గోడ మీద 0.5 మి.మీ. మాత్రమే తీస్తుంటే, పంటికి 0.05 ఫీడ్ పెట్టినా చిప్ గరిష్ఠ మందం 0.022 మాత్రమే. 0.03 కావాలంటే ఫీడ్ 0.07 దాకా పెంచాలి. కేటలాగ్‌లోని ఫీడ్ ఎంత పక్క కోతకి ఇచ్చారో పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది అది చదవరు.

ఇంత గట్టి స్టీల్‌ని కార్బైడ్ అసలు ఎలా కోస్తుందో తెలిస్తే కూలెంట్ సంగతి అర్థమవుతుంది. చిప్ తెగే సన్నటి పొరలో పుట్టే వేడి ఆ పొరని క్షణంపాటు మెత్తబరుస్తుంది, అంచు అక్కడే కోస్తుంది. వేడిలో ఎక్కువ భాగం చిప్‌తోపాటు ఎగిరిపోతుంది. ఏఎల్‌టీఐఎన్ కోటింగ్ కూడా వేడిలో పనిచేయడానికే పుట్టింది. వేడెక్కినప్పుడు దాని పైన పలచటి అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి కింది కార్బైడ్‌ని కాపాడుతుంది. మరీ తక్కువ స్పీడ్‌లో ఈ రెండూ జరగవు. మరోపక్క మిల్లింగ్‌లో ప్రతి పన్నూ ఒక చుట్టులో కొంతసేపే కోస్తుంది, మిగతా సేపు ఖాళీగా తిరుగుతుంది. కోసేటప్పుడు మండిపోయి, బయటికి రాగానే కూలెంట్‌లో మునిగితే అంచుకి అడ్డంగా దువ్వెన పళ్లలాంటి సన్నటి పగుళ్లు వస్తాయి. తర్వాత పగుళ్ల మధ్య ముక్కలు ఊడిపోతాయి. భూతద్దంతో మీ పాత కట్టర్ చూడండి, అంచుకి నిలువుగా సమాన దూరంలో గీతలు కనిపిస్తే అది కూలెంట్ పని.

కూలెంట్ ఆపి ఎయిర్ బ్లో పెట్టండి. గాలి చల్లబరచడానికి కాదు, చిప్స్‌ని కేవిటీలోంచి తోసేయడానికి. లోతైన కేవిటీలో ఇది చాలా ముఖ్యం. తెగిన చిప్ మళ్లీ పంటి కింద పడితే, 60 హెచ్‌ఆర్‌సీ ముక్కని రెండోసారి కోసినట్టే. నాజిల్‌ని కొన వైపు గురిపెట్టండి, ప్రెషర్ తగ్గకుండా చూసుకోండి. గాలితోపాటు అతి కొద్దిగా నూనె తుంపర వదిలే ఎంక్యూఎల్ ఉంటే ఫినిషింగ్‌లో మంచిది. డ్రిల్లింగ్ వేరు, అక్కడ లోపలి నుంచి కూలెంట్ రావడమే మేలు.

మెటీరియల్ గురించి ఒక మాట. 60 హెచ్‌ఆర్‌సీ అన్న అంకె ఒక్కటే చూసి స్పీడ్ నిర్ణయించకండి. డీ2లో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం ఉంటాయి. ఆ రెండూ కలిసి పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్ రేణువులుగా స్టీల్‌లో పరుచుకుంటాయి, కాంక్రీటులో కంకరలాగా. 60 హెచ్‌ఆర్‌సీ అంటే విక్కర్స్ అనే మరో గట్టిదనం స్కేల్‌లో 700 దగ్గర. కానీ ఆ రేణువులు ఒక్కొక్కటీ 1,500 విక్కర్స్ దాటతాయి. మీ కట్టర్ లోపలి టంగ్‌స్టన్ కార్బైడ్ గట్టిదనం కూడా ఆ చుట్టుపక్కలే. రాక్‌వెల్ గేజ్ మొత్తం మీద సగటు చూపిస్తుంది, కట్టర్ అంచు మాత్రం ఒక్కో రేణువునీ విడిగా ఢీకొంటుంది. కోటింగ్ గట్టిదనం 3,000 విక్కర్స్ దాకా ఉంటుంది కాబట్టి కోటింగ్ ఉన్నంతసేపు పర్వాలేదు, పోయిందంటే ఇసుక కాగితంతో రుద్దినట్టు అరుగుతుంది. హెచ్13 అనే మరో టూల్ స్టీల్ అలా కాదు. కార్బన్ 0.4 శాతమే, పెద్ద రేణువులు దాదాపు ఉండవు, సాధారణంగా 44 నుంచి 52 హెచ్‌ఆర్‌సీ మధ్య వాడతారు. దాన్ని ఇదే కట్టర్‌తో 120, 150 మీటర్లలో హాయిగా కోయొచ్చు. హెచ్13 మీద బాగా వచ్చిన సెట్టింగ్‌ని డీ2 మీదకి తెస్తే నిరాశే.

హోల్డర్ సంగతికి వద్దాం. నా దృష్టిలో స్పీడ్ తర్వాత మీరు ముందుగా సరిచేయాల్సింది ఇదే, కోటింగ్ బ్రాండ్ మార్చడం కాదు. కట్టర్ 40 మి.మీ. బయటికి ఉందన్నారు. వంగడం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 40ని 25 చేస్తే అదే బలానికి కట్టర్ వంగడం నాలుగో వంతుకి పడిపోతుంది. కేవిటీ లోతు 18 మి.మీ. అన్నారు కదా, 25 చాలు. హోల్డర్ గోడకి తగులుతుందనుకుంటే సన్నటి ముక్కు ఉన్న ష్రింక్ ఫిట్ (వేడిచేసి కట్టర్‌ని బిగించే) హోల్డర్ చూడండి. తప్పనిసరై పొడవు కావాల్సి వస్తే మెడ సన్నగా, షాంక్ లావుగా ఉన్న టూల్ తీసుకోండి. వ్యాసం నాలుగో ఘాతంలో పనిచేస్తుంది, 10 బదులు 12 మి.మీ. షాంక్ అంటే బిగువు రెండింతలు.

రనౌట్ (తిరిగేటప్పుడు కట్టర్ మధ్యరేఖ నుంచి పక్కకి ఊగడం) కొలిచారా? డయల్ గేజ్‌ని కట్టర్ షాంక్ మీద కాకుండా, కొనకి వీలైనంత దగ్గర పెట్టి స్పిండిల్‌ని చేత్తో తిప్పి చూడండి. మామూలు ఈఆర్ కోలెట్‌లో 0.01 నుంచి 0.02 రావడం వింతేమీ కాదు, కోలెట్ పాతదైతే ఇంకా ఎక్కువ. మెత్తటి స్టీల్‌లో 0.1 ఫీడ్‌తో కోస్తుంటే ఇది కనపడదు. ఇక్కడ రెండు ఫ్లూట్ల కట్టర్‌కి 0.03 ఫీడ్, 0.02 రనౌట్ అంటే పక్క కోతలో ఒక పన్ను 0.05 తీస్తుంది, రెండోది 0.01 తీస్తుంది. ఒకటి బరువుకి పెచ్చులూడుతుంది, ఇంకొకటి రుద్దుకుని అరుగుతుంది. రెండు పళ్లూ వేర్వేరు రకంగా పోయాయంటే రనౌట్‌ని అనుమానించాలి. హైడ్రాలిక్ చక్ గానీ ష్రింక్ ఫిట్ గానీ అయితే 0.003 దగ్గర పట్టుకోవచ్చు. గట్టి స్టీల్‌లో పని ఎప్పుడూ చేసేవాళ్లకి ఆ హోల్డర్ ఖర్చు కట్టర్లలో తిరిగి వచ్చేస్తుంది. అది కుదరకపోతే కనీసం కోలెట్, నట్ శుభ్రం చేసి, కోలెట్‌ని కొంచెం కొంచెం తిప్పి బిగిస్తూ తక్కువ రనౌట్ వచ్చే చోటు వెతకండి.

మెషిన్ నిజంగా మీరు చెప్పిన ఫీడ్‌తో నడుస్తోందా అన్నది కూడా చూడాలి. స్క్రీన్ మీద 1,000 అని ఉంటుంది, కానీ చిన్న చిన్న గీతలుగా విరిచిన వంపు మీద కంట్రోలర్ ప్రతి బిందువు దగ్గరా వేగం తగ్గిస్తుంది. అసలు ఫీడ్ సగానికి పడిపోవచ్చు. ఆర్పీఎం మాత్రం అలాగే ఉంటుంది. అంటే పంటికి ఫీడ్ సగమై, మీరు లెక్కవేసుకున్న చిప్ మందం గాలికి పోతుంది. కోసేటప్పుడు అసలు ఫీడ్ చూపించే పేజీ దాదాపు ప్రతి కంట్రోలర్‌లోనూ ఉంటుంది, కళ్లతో చూసుకోండి. పడిపోతుంటే క్యామ్‌లో టాలరెన్స్, బిందువుల పంపకం సరిచేయండి, హై స్పీడ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. అప్పటికీ అందుకోలేకపోతే ఫీడ్ పెంచి లాభం లేదు, మెషిన్ అందుకోగలిగిన ఫీడ్‌కి తగ్గట్టు ఆర్పీఎం దించండి.

టూల్ పాత్‌లో నేను గట్టిగా పట్టుబట్టేది మూలల గురించి. 6 మి.మీ. కట్టర్ గోడ వెంట 0.3 తీస్తూ వెళ్తుంటే మెటల్‌లో ఉన్న చాపం 26 డిగ్రీలు. అదే కట్టర్ 3 మి.మీ. రేడియస్ ఉన్న లోపలి మూలలోకి పోయి ఒక్కసారిగా తిరిగితే ఆ చాపం 116 డిగ్రీలు అవుతుంది. బలం ఒక్కసారిగా పెరుగుతుంది, కట్టర్ మూలలోకి లాక్కుని కీచుమంటుంది. మీ మెషిన్‌లో అలాంటి శబ్దం వస్తుంటే కారణం ఇదే అయ్యుండాలి. మూల రేడియస్ 3 అయితే 4 మి.మీ. కట్టర్‌తో గుండ్రంగా తిరుగుతూ తీయాలి, 6తో కాదు. రఫింగ్‌లో ట్రోకాయిడల్ (చిన్న చిన్న చుట్లు తిరుగుతూ ముందుకు సాగే) లాంటి పాత్ వాడితే పక్క కోత ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మెటల్‌లోకి నిలువుగా దిగకండి, ఒకటి నుంచి మూడు డిగ్రీల వాలుతో గానీ హెలిక్స్‌తో గానీ దిగాలి. గోడని తాకేటప్పుడు చాపంగా చేరండి. క్లైంబ్ మిల్లింగ్ మాత్రమే వాడండి. చిప్ మందంగా మొదలై పలచగా ముగియాలి. జిగ్‌జాగ్‌లో సగం పాసులు ఎదురు దిశలో ఉంటాయి, ఆ పాసుల్లో పన్ను ముందు రుద్దుకుని తర్వాత కోస్తుంది. సమయం ఆదా అవుతుందని ఫినిషింగ్‌లో జిగ్‌జాగ్ పెట్టేవాళ్లు కట్టర్లకి ఎంత పోతోందో లెక్కేసుకోరు.

ఇక మొదలుపెట్టడానికి అంకెలు. నేలకి పైన చెప్పిన 0.5 రేడియస్ ఎండ్ మిల్, 70 మీటర్లు, అంటే సుమారు 4,000 ఆర్పీఎం, పంటికి 0.04, అంటే నిమిషానికి 640 మి.మీ. ఫీడ్. డెప్త్ 0.1, పక్కకి 2 మి.మీ. నిటారు గోడలకి, వంపులకి బాల్ నోస్, 5,000 నుంచి 5,500 ఆర్పీఎం, పంటికి 0.05, అంటే 500 నుంచి 550 ఫీడ్. చివరి ఫినిషింగ్‌కి అన్నిచోట్లా ఒకే మందంలో మెటల్ మిగలాలి, 0.05 నుంచి 0.1. సగం చోట్ల 0.05, సగం చోట్ల 0.3 మిగిలితే ఏ సెట్టింగూ కాపాడలేదు. అందుకే రఫింగ్‌కి, ఫినిషింగ్‌కి మధ్య ఒక సెమీ ఫినిష్ పాస్ దండగ కాదు. ఫినిషింగ్ టూల్ ఎప్పుడూ కొత్తది, వేరేది.

స్టెప్ ఓవర్ ఎంత అంటే, రెండు పాసుల మధ్య మిగిలే గట్టు ఎత్తుని బట్టి. స్టెప్ ఓవర్ వర్గాన్ని వ్యాసానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఆ ఎత్తు వస్తుంది. 6 మి.మీ. బాల్‌కి 0.15 అంటే ఒక మైక్రాన్ కూడా లేదు. 0.2 పెడితే 1.7 మైక్రాన్లు. పాలిష్ చేసే ఉద్దేశం ఉంటే 0.2 చాలు, అద్దంలాంటి ఫినిష్ కోసం స్టెప్ ఓవర్ తగ్గిస్తూ పోతే కోసే దూరం పెరుగుతుంది, చివరికి వచ్చేసరికి కట్టర్ అరిగి ఫినిష్ ఇంకా చెడుతుంది. పంటికి ఫీడ్, స్టెప్ ఓవర్ దగ్గరదగ్గరగా ఉంటే ఉపరితలం రెండు దిశల్లోనూ ఒకేలా వస్తుంది, పాలిష్ చేసేవాళ్లకి సుఖం.

ఇవి మొదటి అంకెలు మాత్రమే. మీ మెషిన్, మీ హోల్డర్‌కి సరిపడేవి మీరే పట్టుకోవాలి. అందుకు గేజ్ కంటే ముందు భూతద్దం కావాలి. కొంత దూరం కోసి ఆపి అంచు చూడండి. అరుగుదల అంచు వెంట సమానంగా, సన్నటి మెరిసే పట్టీలా ఉంటే అంతా బాగున్నట్టే, ఇంకాస్త ఎక్కువసేపు కావాలంటే స్పీడ్ పది శాతం దించండి. పెచ్చులు ఊడితే స్పీడ్ ముట్టుకోకండి, రనౌట్, పొడవు, మూలలు చూడండి. కోటింగ్ రంగు మారి అంచు వెనక గుంట పడితే వేడి ఎక్కువైంది, స్పీడ్ తగ్గించాలి. ఏమీ అరగకుండానే ఫినిష్ చెడి, ఉపరితలం నలిగినట్టు మెరుస్తుంటే ఫీడ్ తక్కువైంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. టెన్షన్‌లో స్పీడ్, ఫీడ్, డెప్త్ మూడూ కలిపి తగ్గించేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

చిప్స్ కూడా చూడండి. జాబ్ (కోస్తున్న ముక్క) చేత్తో తాకితే గోరువెచ్చగా, చిప్స్ మాత్రం నీలం బూడిద రంగులోకి తిరిగి ఉంటే వేడి పోవాల్సిన చోటికే పోతోంది. జాబ్ కాలిపోతూ, చిప్స్ తెల్లటి పొడిలా వస్తుంటే రుద్దుడు జరుగుతోంది.

స్పీడ్ ఎంత పెంచాలన్నది చివరికి ఖర్చు లెక్క. ఫ్రెడరిక్ టేలర్ 1907లో ప్రచురించిన టూల్ లైఫ్ సూత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. కార్బైడ్‌కి అందులోని ఘాతం 0.25 అనుకుంటే, స్పీడ్ 20 శాతం పెంచితే టూల్ ఆయుష్షు సగానికి తగ్గుతుంది. ఇది కట్టర్ సరిగ్గా కోస్తున్న పరిధిలోనే చెల్లుతుంది, మీలాగా రుద్దుతున్న పరిధిలో కాదు. అదే సూత్రం నుంచి ఖర్చు తక్కువయ్యే టూల్ ఆయుష్షు కూడా వస్తుంది. టూల్ మార్చే సమయానికి, టూల్ ఖరీదుకి సమానమైన మెషిన్ సమయాన్ని కలిపి మూడుతో గుణించాలి. మార్చడానికి 5 నిమిషాలు, టూల్ ఖరీదు 20 నిమిషాల మెషిన్ ఖర్చుకి సమానం అనుకుంటే 75 నిమిషాలు. మీ కట్టర్ 3 గంటలు వస్తుంటే గర్వపడక్కర్లేదు, మెషిన్‌ని మెల్లగా నడుపుతున్నారు. కానీ ఒక్క షరతు ఉంది. ఫినిషింగ్ పాస్ మధ్యలో టూల్ మార్చితే గీత కనపడుతుంది, కాబట్టి అక్కడ ఒక ఉపరితలం మొత్తం ఒకే అంచుతో పూర్తవ్వడమే కొలత. ఖర్చు లెక్క రఫింగ్‌కి పెట్టుకోండి.

కేవిటీని ముందు ఈడీఎంతో (విద్యుత్ స్పార్క్‌లతో మెటల్ తీసే పద్ధతి) గానీ వైర్ కట్‌తో గానీ కొంత తీసి ఉంటే, పైన కరిగి గట్టిపడ్డ పెళుసైన పొర ఉంటుంది. మొదటి పాస్ ఆ పొర కిందకి దిగేలా లోతు పెట్టాలి, దాని మీదే గీకుతూ పోకూడదు. హీట్ ట్రీట్‌మెంట్ పొలుసు ఉన్నా అంతే.

పంచ్ టర్నింగ్‌కి కార్బైడ్ ఇన్సర్ట్‌తో తంటాలు పడకండి, సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) తీసుకోండి. వజ్రం ఇంకా గట్టిది కదా అంటారేమో, ఆ వేడిలో వజ్రంలోని కార్బన్ ఇనుములో కలిసిపోతుంది, స్టీల్‌కి పనికిరాదు. సీబీఎన్‌లో కూడా రకాలున్నాయి. ఆగకుండా తిరిగే గుండ్రటి పంచ్ ఫినిషింగ్‌కి సీబీఎన్ శాతం తక్కువగా, సిరామిక్ బైండర్ ఎక్కువగా ఉన్న గ్రేడ్. కీ వే లాంటి ఖాళీలు తగులుతూ కోయాల్సి వస్తే సీబీఎన్ శాతం ఎక్కువ ఉన్నది, అది దెబ్బలు తట్టుకుంటుంది. 120 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి, ఫీడ్ 0.1, డెప్త్ 0.15. నోస్ రేడియస్ 0.8 అయితే ఆ ఫీడ్‌కి లెక్క ప్రకారం గరుకుదనం ఆర్‌జడ్ 1.6 మైక్రాన్లు. ఇక్కడ ఒక చిక్కుంది. డెప్త్ నోస్ రేడియస్ కంటే చాలా తక్కువ కాబట్టి బలం ఎక్కువ భాగం జాబ్‌ని పక్కకి నెడుతుంది. పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు దాటిన పంచ్‌కి టెయిల్ స్టాక్ ఆసరా లేకపోతే బయటి కొన దగ్గర లావుగా వస్తుంది లేదా అలలు పడతాయి. అరిగిన ఇన్సర్ట్‌తో సాగదీయడం ఇక్కడ మిల్లింగ్‌లో కంటే ప్రమాదం. అరిగిన అంచు వేడికి ఉపరితలం మళ్లీ హార్డెన్ అయి, టెంపరింగ్ లేని తెల్లటి పెళుసు పొర మిగులుతుంది. చూడ్డానికి ఫినిష్ బాగుంటుంది, పంచ్ మాత్రం పనిలో పగులుతుంది. ఫ్లాంక్ (అంచు కింది పక్క) అరుగుదల 0.15, 0.2 మి.మీ. దాటకముందే అంచు మార్చేయండి.

ఎం6 హోల్స్‌కి అసలు మంచి దారి హార్డెనింగ్‌కి ముందే థ్రెడ్ వేసుకోవడం. మీ డై ఇప్పటికే హార్డెన్ అయింది కాబట్టి ట్యాప్ జోలికి పోకండి, విరిగితే ఈడీఎంతోనే తీయాలి. కార్బైడ్ డ్రిల్‌తో 20 నుంచి 25 మీటర్లలో, పెకింగ్ లేకుండా ఒకే దెబ్బలో హోల్ వేయండి. మాటిమాటికీ పైకెత్తి దింపితే ప్రతిసారీ అంచుకి దెబ్బ తగులుతుంది. తర్వాత థ్రెడ్ మిల్లింగ్ చేయండి. గట్టి స్టీల్ కోసం ఎడమ వైపు తిరిగి, పైనుంచి కిందకి దిగుతూ కోసే థ్రెడ్ మిల్లులు దొరుకుతాయి. వాటితో కుడి థ్రెడ్ కూడా క్లైంబ్ మిల్లింగ్‌లోనే వస్తుంది. స్పిండిల్ దిశ ఎం4 కోడ్‌లో (స్పిండిల్‌ని ఎడమ వైపు తిప్పే ప్రోగ్రాం ఆదేశం) పెట్టడం మరిచిపోవద్దు. పూర్తి లోతు ఒకేసారి తీయకుండా రెండు మూడు పాసుల్లో తీయండి, ప్రతి హోల్ తర్వాత గేజ్‌తో చూసి రేడియస్ ఆఫ్‌సెట్ సరిచేయండి, ఎందుకంటే ఆ సన్నటి టూల్ గోడకి ఎదురుగా కొంచెం వంగే కోస్తుంది.